పడమటికి పిలిచే పాట: వలసను ముగ్గురి వైపు నుంచి చదవడం



ఈ వారం ఎస్సే సాధనకు అంశం వలస. ఈ మాట వినగానే మన చేయి దానంతట అదే రెండు నిలువు వరుసలు గీస్తుంది. ఊరి నుంచి నెట్టే కారణాలు ఒకవైపు, నగరం లాగే కారణాలు ఇంకోవైపు. కరవు, అప్పు, పనిలేమి. కూలి, చదువు, వైద్యం. జవాబు తప్పేమీ కాదు. కాకపోతే అదే జవాబు వేల కాపీల్లో ఉంటుంది.

అందుకే ఈసారి ఒక డ్యాన్స్ పాటతో మొదలుపెడదాం. పేరు 'గో వెస్ట్'. బ్రిటన్‌కు చెందిన పెట్ షాప్ బాయ్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట 1993లో విడుదల చేసింది. పేరు తెలియకపోయినా బాణీ మీలో చాలామంది వినే ఉంటారు. యూరప్ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో స్టేడియం మొత్తం ఒకే గొంతుతో పాడే బాణీల్లో అదొకటి. నాకూ అలాగే పరిచయమైంది, హాస్టల్ టీవీలో మ్యాచ్ చూస్తుండగా. తర్వాత అశోక్‌నగర్‌లో రీడింగ్ రూమ్ నుంచి మెస్‌కు నడిచే పది నిమిషాలూ చెవుల్లో అదే. వింటే నడక వేగం పెరుగుతుంది. ఉన్న చోటు వదిలి పడమటికి పోదాం, అందరం కలిసి పోదాం, అక్కడ బాగుంటుంది అన్నదే పాట సారాంశం.

ఇంత హుషారైన పాటకు గొంతు ఎందుకు పట్టేస్తుందో తెలుసుకుందామని దాని చరిత్ర వెతికాను. వలస గురించి నా నోట్స్‌లో ఎక్కడా లేని ఒక విషయం అందులో దొరికింది. అదే మీతో పంచుకుంటున్నాను.

ఒకే పాట, 14 ఏళ్ల దూరం

ఈ పాట పెట్ షాప్ బాయ్స్ రాసింది కాదు. దీన్ని మొదట 1979లో విలేజ్ పీపుల్ అనే అమెరికన్ డిస్కో బృందం పాడింది. అప్పుడు 'పడమర' అంటే కాలిఫోర్నియా, ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కో. ఆ రోజుల్లో అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో స్వలింగ సంబంధం నేరం. కాలిఫోర్నియాలో 1976 నుంచి అది నేరం కాదు. దేశమంతటికీ వర్తించే సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2003 దాకా ఆగాల్సి వచ్చింది. చిన్న ఊళ్లలో నోరు విప్పలేని యువకులు సంచి సర్దుకుని శాన్‌ఫ్రాన్సిస్కో చేరేవారు. తాను స్వలింగ సంపర్కుడినని బాహాటంగా చెప్పిన హార్వే మిల్క్ 1977లో ఆ నగర పాలక మండలికి ఎన్నికయ్యాడు. మరుసటి ఏడాది నవంబరులో హత్యకు గురయ్యాడు. అంటే 1979లో ఈ పాట విన్నవాళ్లకు పడమర ఎంత ఆశో అంత భయం కూడా.

రెండేళ్లకే, 1981 జూన్ 5న, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు ఒక చిన్న నివేదిక ప్రచురించాయి. లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని అందులో ఉంది. తర్వాత ఎయిడ్స్ అని పేరు పెట్టిన జబ్బుకు అదే మొదటి అధికారిక నమోదు. వైరస్‌ను సమర్థంగా అదుపు చేసే మందుల కలయిక అందుబాటులోకి వచ్చింది 1996 ప్రాంతంలో. ఆ మధ్య 15 ఏళ్లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వేచ్ఛ వెతుక్కుంటూ వెళ్లిన ఒక తరం చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది.

1992లో బ్రిటిష్ దర్శకుడు డెరెక్ జార్మన్ ఆహ్వానం మీద మాంచెస్టర్‌లోని హాసియెండా క్లబ్బులో ఎయిడ్స్ బాధితుల సహాయార్థం ఒక కార్యక్రమం జరిగింది. పెట్ షాప్ బాయ్స్ ఈ పాత పాటను మొదట పాడింది అక్కడే. జార్మన్‌కు అప్పటికే హెచ్‌ఐవీ ఉంది. 1994 ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు. ఇప్పుడు ఆ పాట వినండి. అందరం కలిసి పోదాం అనే పిలుపులో 'అందరం' అన్న మాట దగ్గర చెవి ఆగిపోతుంది. ఆ అందరిలో చాలామంది అప్పటికే లేరు. మాటలు దాదాపు అవే. వినేవాళ్లకు ఏం తెలుసన్నది మారింది, దాంతో అర్థం మారిపోయింది.

సంగీతం కూడా ఆ పని చేస్తుంది. పాట సముద్రపు కెరటాలు, పక్షుల అరుపులతో మొదలవుతుంది. సింథసైజర్ దరువు మీద మగ గొంతుల బృందగానం లేస్తుంది. అడుగున ఉన్న స్వరాల నడక 17వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త పాకెల్‌బెల్ 'కానన్'ను గుర్తుచేస్తుంది. పెళ్లిళ్లలోనూ, సంతాప సభల్లోనూ వాయించే సంగీతం అది. దిగుతూ వెళ్లే స్వరాల మీద పైకి ఎగసే గొంతులు. ఆనందం, దిగులు ఒకేసారి వినబడటం వెనక రహస్యం అంతే.

మాస్కోలో తీసిన వీడియో

1993కి ఇంకో అర్థం కూడా తోడైంది. పాట వీడియోలో కొంత భాగం మాస్కో రెడ్ స్క్వేర్‌లో తీశారు. ఒకే రకం దుస్తులు వేసుకున్న మనుషులు ఆకాశంలోకి పోయే మెట్ల మీద వరుసగా ఎక్కుతుంటారు. ఎర్ర నక్షత్రం, స్వేచ్ఛా ప్రతిమ రెండూ కనబడతాయి. బెర్లిన్ గోడ తెరుచుకుంది 1989 నవంబరు 9న. సోవియట్ యూనియన్ రద్దయింది 1991 డిసెంబరులో. కాబట్టి 1993లో 'పడమర' అంటే పెట్టుబడిదారీ యూరప్, అమెరికా. ఒక దేశం దేశమే కదలకుండా పడమటికి ప్రయాణం కట్టింది.

చేరిందా? 1992 జనవరి 2న రష్యాలో ధరల నియంత్రణ ఎత్తేశారు. దాచుకున్న డబ్బు నెలల్లో కరిగిపోయింది. పాట బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి చేరిన ఆ శరదృతువులోనే, 1993 అక్టోబరు 4న, మాస్కోలో పార్లమెంటు భవనం మీద ట్యాంకులు కాల్పులు జరిపాయి. రష్యాలో మగవారి సగటు ఆయుర్దాయం 1990లో సుమారు 64 ఏళ్లు. 1994కల్లా 58 లోపుకు పడిపోయింది. యుద్ధం లేని కాలంలో ఇంత పతనం అరుదు.

లాత్వియా పరిస్థితి వేరు. ఆ చిన్న దేశం 2004 మే 1న యూరోపియన్ యూనియన్‌లో చేరింది. ప్రజల ఆదాయాలు పెరిగాయి, స్వేచ్ఛ దక్కింది. అదే సమయంలో సోవియట్ చివరి రోజుల్లో 26 లక్షలకు పైగా ఉన్న జనాభా ఇప్పుడు 19 లక్షల లోపు. తగ్గిన జననాలు, రష్యన్ల తిరుగుప్రయాణం, పశ్చిమ దేశాలకు యువత వలస, మూడూ కారణాలే. దేశం గమ్యానికి చేరింది, దేశంలోని మనుషులు తగ్గారు. 'సంస్కరణలు', 'బ్రెయిన్ డ్రెయిన్' లాంటి అంశాల్లో ఈ ఒక్క ఉదాహరణ రెండు వైపులా పనికొస్తుంది.

అక్కడ ముందే ఎవరో ఉన్నారు

పాటకు పేరిచ్చిన మాట ఇంకా పాతది. యువకులను పడమటికి పొమ్మనే నినాదం 19వ శతాబ్దపు అమెరికాలో పత్రికా సంపాదకుడు హొరేస్ గ్రీలీ పేరుతో ప్రచారంలో ఉండేది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఐదేళ్లు సాగు చేసి నివాసం ఉన్న కుటుంబానికి 160 ఎకరాలు దక్కేవి. కాలక్రమంలో దాదాపు 16 లక్షల మందికి పట్టాలు వచ్చాయి. భూమిలేని పేదకు ఇంతకంటే పెద్ద పిలుపు ఏముంటుంది?

కానీ ఆ భూమి ఖాళీగా లేదు. 1830లో వచ్చిన ఇండియన్ల తొలగింపు చట్టం కింద ఆగ్నేయ ప్రాంతపు మూలవాసులను మిసిసిపీ నదికి పడమరగా తరిమారు. 1838-39లో సుమారు 16,000 మంది చెరోకీలను నడిపించుకుపోతే, శిబిరాల్లోనూ దారిలోనూ దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా. వాళ్లూ పడమటికే వెళ్లారు. ఒకడికి ఆశగా వినబడిన దిక్కు ఇంకొకడికి శిక్షగా పడింది. ఖండం దాటే రైలుమార్గం 1869లో పూర్తయింది. దాని పడమటి భాగంలో ఎక్కువ చాకిరీ చేసింది చైనా కూలీలు. 1882లో చైనా కూలీల రాకనే నిషేధిస్తూ చట్టం వచ్చింది.

ఇప్పుడు నేను చెప్పదలచిన విషయం మీ ముందు ఉంది. పాటలో వెళ్లేవాడు ఒక్కడే ఉన్నాడు. అసలు కథలో ముగ్గురు ఉన్నారు: వెళ్లేవాడు, వెనక మిగిలేవాడు, అక్కడ ముందే ఉన్నవాడు. ఇంకో సంగతి గమనించండి. పాట ఆసాంతం బయల్దేరడం గురించే. చేరిన తర్వాత ఏమైందో ఒక్క ముక్క లేదు. పాటకు అది లోపం కాదు, దానికి ఆ హక్కు ఉంది. పాలనకు లేదు. పాట ఆగిన చోటు నుంచే కలెక్టరు పని మొదలవుతుంది.

మన పడమర

ఈ పాట ఇంగ్లీషుది, బాధ వాళ్లది అనిపిస్తే మన ఇంటివైపు చూడండి. తెలంగాణలో బతుకుతెరువు గురించి ఒక మాట ఉంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. వాటిలో రెండు పడమరే. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోతే, మా పాలమూరు నుంచి బొంబాయికి పోయేవారు. దేశంలో ఎన్నో డ్యాముల పునాదుల్లో పాలమూరు లేబర్ చెమట ఉంది.

మా నాయన కూడా అలా పోయినవాడే. మేస్త్రీ ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు. అది తీరేదాకా కాంక్రీటు పని. అమ్మా వెంట వెళ్లేది. నా చదువు ఆగకూడదని నన్ను అవ్వ దగ్గర ఉంచారు. వాళ్లు పీర్ల పండక్కి ఒకసారి, దసరాకు ఒకసారి వచ్చేవారు. రేషన్ బియ్యం ఊళ్లో కార్డు మీద అవ్వకు వచ్చేవి. అక్కడ వాళ్లు అంగడి ధరకు కొనుక్కు తినేవారు. ఓటు ఊళ్లో, మనిషి అక్కడ. సర్పంచి ఎన్నికలొస్తే పోటీ చేసేవాళ్లే బండి పంపి పిలిపించుకునేవారు, అయిపోగానే మళ్లీ బొంబాయి. 'వెళ్లేవాడు' గురించి పుస్తకంలో చదివినప్పుడు నాకు నాయన కనబడతాడు. 'మిగిలేవాడు' అంటే నేను, అవ్వ.

మనకు దీనిపై చట్టం రాలేదా అంటే, వచ్చింది. యాదృచ్ఛికమే కానీ, విలేజ్ పీపుల్ ఈ పాట పాడిన 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఐదుగురు లేదా అంతకు మించి వలస కార్మికులను పనికి పెట్టుకునే చోట కాంట్రాక్టరుకు లైసెన్సు, కార్మికులకు ప్రయాణ భత్యం, ఊరు వదిలినందుకు స్థానభ్రంశ భత్యం అన్నీ అందులో రాశారు. మా నాయనకు స్థానభ్రంశ భత్యం అనే మాట ఒకటుందని నేను పాలిటీ నోట్స్ రాసుకుంటూ చెబితేనే తెలిసింది. నవ్వి ఊరుకున్నాడు.

మార్పు రాలేదని కాదు. రేషన్ కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లే విధానాన్ని 2019 ఆగస్టులో రెండు జంటల రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. అందులో ఒక జంట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఇంకొకటి మహారాష్ట్ర, గుజరాత్. 2022 జూన్‌కల్లా దేశమంతా అమలులోకి వచ్చింది. ఓటు విషయంలో ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనా సిద్ధమైనట్లు ప్రకటించింది. బియ్యం మనిషి వెంట నడవడం నేర్చుకున్నాయి. ఓటు ఇంకా నేర్చుకోవాలి. విదేశాల నుంచి మనవాళ్లు పంపిన డబ్బు 2024లో సుమారు 12,900 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా, ప్రపంచంలోనే అత్యధికం. ఆ అంకె రాసేటప్పుడు పంపిన చేతులు, అందుకున్న వృద్ధులు కూడా మీ పేరాలో ఉండాలి.

ఇక్కడ మనం తరచు మరిచిపోయే వలస ఒకటి ఉంది. 2011 జనగణన లెక్కల్లో దేశంలో పుట్టిన చోటో, ఉన్న చోటో మారినవారు 45 కోట్లకు పైగా. అందులో అతి పెద్ద కారణం పెళ్లి. అంటే ఈ దేశంలో తెలిసిన ఇల్లు వదిలి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. మన భాషలో ఇల్లు విడిచే పాట అంటే అప్పగింతల పాటే. అది డ్యాన్సు పాట కాదు, మండపంలో అందరినీ ఏడిపించే పాట. అయితే దాని నిర్మాణం చూడండి. అందులో వెళ్లే పిల్ల ఉంది, మిగిలే తల్లిదండ్రులు ఉన్నారు, అక్కడ ముందే ఉన్న అత్తింటివారు ఉన్నారు. ముగ్గురినీ ఎదురెదురుగా నిలబెట్టి, ఒకరి చేతిలో ఒకరిని పెడుతుంది. మన పల్లెల్లో అక్షరం రాని ముత్తైదువలు పాడిన పాటకు వలస గురించి తెలిసినంత మన సిలబస్‌కు తెలియదనిపిస్తుంది.

మనం కూడా వలసవాళ్లమే

ఇది చదువుతున్న మీరు ఏ రాజిందర్‌నగర్‌లోనో, ముఖర్జీనగర్‌లోనో, చిక్కడపల్లి సందుల్లోనో ఉండి ఉంటారు. మీరూ ఒక ఊరు వదిలి వచ్చారు. మొదటి ఏడాది ఈ గది కొత్త. మెస్ పప్పు కొత్త. నాలుగో ఏడాదికి అదే అలవాటైన ఇల్లు అవుతుంది. పొద్దున పేపరు, మధ్యాహ్నం టెస్ట్ సిరీస్, సాయంత్రం టీ కొట్టు దగ్గర కటాఫ్ అంచనాలు. బయట లోకం మారిపోతుంటే లోపల కాలం ఆగినట్టు ఉంటుంది. ఒకప్పుడు ఊరు వదలడం కష్టం. ఇప్పుడు గది వదలడం కష్టం. 'తెలిసినదాన్ని వదిలి వెళ్లడం' అన్న మాట మన విషయంలో ఇలా తిరగబడుతుంది.

పోయిన సంక్రాంతికి అవ్వతో జరిగిన మాటలు ఇవి.

"ఎప్పుడొస్తవ్ బిడ్డా?"

"నౌకరీ వచ్చినంక వస్తనవ్వా."

"నౌకరీ రాకున్నా రావొచ్చు. ఇల్లు యాడికి పోలే."

నాకు నిబంధనల ప్రకారం ఇంకా ప్రయత్నాలున్నాయి. అయినా ఈసారి ప్రిలిమ్స్ రాశాక గది ఖాళీ చేస్తున్నాను, ఫలితం ఏదైనా సరే. మా మండల కేంద్రం కాలేజీలో పాలిటీ చెప్పడానికి ఒప్పుకున్నాను. చదువు అక్కడి నుంచి సాగుతుంది, ఈ శీర్షిక కూడా సాగుతుంది. అవ్వకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనడం లేదు. మిగిలినవాళ్లు ఎల్లకాలం మిగిలి ఉండరు. మీరు కూడా ఇలాగే చేయాలని నేను అనడం లేదు. మీ ఇంట్లో లెక్క మీకే తెలుస్తుంది. వెళ్లినప్పుడు కట్టుకున్న సంచిలో తిరిగి వచ్చే దారి కూడా పెట్టుకోండి అని మాత్రం అంటాను. అది ఓటమి కాదు. వలసలో తిరుగుప్రయాణం కూడా ఒక భాగమని జనాభా శాస్త్రమే చెబుతుంది.

ఎస్సేలో ఎలా వాడాలి

ఎస్సే పేపరు 250 మార్కులు, రెండు వ్యాసాలు, ఒక్కోటి 1,000 నుంచి 1,200 పదాలు. 'మార్పు', 'స్వేచ్ఛ', 'అభివృద్ధి', 'ఇల్లు', 'సరిహద్దు' లాంటి ఏ అంశం వచ్చినా కాగితం మూలన ఈ ప్రశ్నలు వేసుకోండి.

1. ఎవరు వెళ్తున్నారు? ఇష్టంతోనా, వేరే దారి లేకనా? హోమ్‌స్టెడ్ రైతు, చెరోకీ ఇద్దరూ ఒకే దిక్కుకు నడిచారని గుర్తుంచుకోండి.

2. ఎవరు మిగిలారు? వాళ్లకు డబ్బు అందుతోందా, మనిషి కూడా అందుతున్నాడా?

3. అక్కడ ముందే ఎవరున్నారు? వచ్చినవాడి హక్కు ఉన్నవాడి హక్కును ఎక్కడ తాకుతోంది? రాజ్యాంగం 19వ అధికరణ దేశమంతా తిరిగే, స్థిరపడే స్వేచ్ఛ ఇస్తూనే, షెడ్యూల్డ్ తెగల ప్రయోజనాల కోసం సహేతుకమైన పరిమితులకు వీలు కల్పించింది. ఈ మూడో మనిషిని రాజ్యాంగ నిర్మాతలు మరిచిపోలేదు.

4. ఇదే మాట పదిహేనేళ్ల తర్వాత చదివితే ఏ అర్థం వస్తుంది? 1979 పాట 1993లో మారినట్టు, నేటి పథకం రేపు ఎలా వినబడుతుంది?

పాటను ఉపోద్ఘాతంగా వాడితే నాలుగు వాక్యాలు మించనివ్వకండి. ఏ సంవత్సరం, ఎవరు, అర్థం ఎలా మారింది, అక్కడి నుంచి మీ వాదం. పాట సాహిత్యం కోట్ చేయకండి, అవసరం లేదు.

ఈ వారం సాధన అంశాలు:

అ) బయల్దేరడానికి ధైర్యం కావాలి, చేరినచోట న్యాయం కావాలి.

ఆ) ఖాళీ భూమి అనేది లేదు.

ఇ) సంక్షేమం మనిషి వెంట నడవాలి.

ఒకదాన్ని ఎంచుకుని గంటన్నరలో రాయండి. రాసే ముందు ఇంటికి ఒక ఫోన్ చేయండి. మీరు వచ్చేశాక అక్కడ ఏం మారిందో అడగండి. రెండో ప్రశ్నకు మొదటి పేరా మీకు అక్కడే దొరుకుతుంది.